హామ్ రేడియోలో డిజిటల్ వాణి: పాతికేళ్ల చరిత్ర, తేలని భవితవ్యం

లాభాపేక్ష లేకుండా, సాంకేతిక జిజ్ఞాసతోనూ సాటివారితో సంభాషించాలన్న కోరికతోనూ, ప్రభుత్వ లైసెన్సు పొంది సొంత రేడియో కేంద్రాలను నడుపుకొనేవారిని హామ్‌లనీ, వారి వ్యాసంగాన్ని అమెచ్యూర్ రేడియో లేదా హామ్ రేడియో అనీ అంటారు. నూరేళ్లు పైబడిన ఈ వ్యాసంగంలో మనిషి గొంతును గాలిలోకి పంపే పద్ధతి పలుమార్లు సమూలంగా మారింది. మారిన ప్రతిసారీ కొత్త పద్ధతికి సంబంధించిన సర్క్యూట్ పటాలు పత్రికల్లో అచ్చయ్యాయి, చదివినవారు దుకాణంలో దొరికే విడిభాగాలతో తమ సెట్లను తామే కట్టుకున్నారు, కట్టలేనివారు కట్టినవారి దగ్గర నేర్చుకున్నారు. 1990ల చివర మొదలైన డిజిటల్ వాయిస్ పద్ధతులు, అంటే గొంతును అంకెలుగా మార్చి పంపే పద్ధతులు, ఈ ఆనవాయితీని తప్పాయి. వాటిలోని అతి ముఖ్యమైన భాగం ఒక కంపెనీ పేటెంట్ల కింద, లోపల ఏముందో తెలుసుకోవడానికి వీలులేని ఒక చిప్పులో ఉండిపోయింది. పాతికేళ్లు గడిచినా ఈ పద్ధతులు ఎందుకు కుదురుకోలేదు, వీటిలో ఏది నిలుస్తుందో ఎందుకు చెప్పలేకపోతున్నారు అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు ఆ చిప్పు చరిత్రలోనే ఉంది.

తొలినాళ్ల స్పార్క్ ట్రాన్స్‌మిటర్లు మోర్స్ సంకేతాలకే పనికివచ్చేవి. వాక్యూమ్ ట్యూబులు అందుబాటులోకి వచ్చాక ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్, అంటే ఏఎం, హామ్‌ల గొంతును గాలికెక్కించింది. ఏఎంలో ఏ సమాచారమూ మోయని వాహక తరంగమే శక్తిలో అధికభాగాన్ని తీసుకుంటుంది. దానికి అటూ ఇటూ ఉండే రెండు సైడ్‌బ్యాండ్లూ మోసేది ఒకే మాటను. వాహక తరంగాన్నీ ఒక సైడ్‌బ్యాండునూ తీసివేసి, మిగిలిన ఒక్కదాన్నే పంపే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతి, అంటే ఎస్ఎస్‌బి, టెలిఫోన్ కంపెనీలకు అప్పటికే తెలిసినదే అయినా, 1947లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు క్లబ్బు కేంద్రం డబ్ల్యూ6వైఎక్స్ నుంచి ఆస్వాల్డ్ విలార్డ్ బృందం చేసిన ప్రసారాల తర్వాతనే హామ్‌లలో ప్రచారం పొందింది. ఏఎంను వదలలేనివారికీ ఎస్ఎస్‌బి పక్షం వహించినవారికీ నడుమ వాగ్వాదం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది గాని, ఎదుటివారి సెట్టులో ఏముందో తెలుసుకొనే దారి మాత్రం ఇరుపక్షాలకూ తెరిచే ఉంది. ఎవరికి కావలసినది వారు కట్టుకొని చూసుకోవచ్చు. ఆ వివాదం చివరికి ప్రయోగం వల్లనే తీరింది.

ఈ స్వేచ్ఛ ఎంతవరకు పోగలదో హైదరాబాదులోనే రుజువైంది. వియు2ఇఎస్ఇ కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) గల అష్హర్ ఫర్హాన్ 2000ల తొలి సంవత్సరాల్లో రూపొందించిన బిట్ఎక్స్ అనే ఎస్ఎస్‌బి సెట్టు, భారతదేశంలో సులభంగా దొరికే సాధారణ ట్రాన్సిస్టర్లతో, ప్రసారానికీ స్వీకరణకూ అవే ఆంప్లిఫయర్లు పనిచేసేలా కూర్చిన సర్క్యూటుతో తయారయింది. తీగచుట్టలకు కావలసిన టోరాయిడ్లు, అంటే అయస్కాంత పదార్థంతో చేసే ఉంగరాలు, ఇక్కడి బజారులో దొరకడం కష్టం కనుక, కొళాయిలకు వాడే వాషర్ల మీద రాగితీగ చుట్టి పని జరిపించవచ్చునని ఆ రూపకల్పన చూపింది. పటం అందరికీ ఇచ్చారు కనుక ప్రపంచం నలుమూలలా హామ్‌లు దాన్ని కట్టారు, మార్చారు, మెరుగుపరచారు. డిజిటల్ వాయిస్ చరిత్రను పరిశీలించేవారు ఈ వాషర్లను మనసులో ఉంచుకోవడం అవసరం, ఎందుకంటే అటువంటి ప్రత్యామ్నాయానికి చోటులేని మొదటి వాయిస్ పద్ధతి హామ్ రేడియోలోకి వచ్చింది డిజిటల్‌తోనే.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో రాస్తుంది; అంటే ఒక్క సెకను మాటకు 64,000 బిట్లు కావాలి. హామ్‌లకు దొరికే సన్నని రేడియో చానల్‌లో సెకనుకు కొన్ని వేల బిట్లకు మించి పట్టవు. ఈ ఇరుకును దాటించేది వోకోడర్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో హోమర్ డడ్లీ 1930లలో రూపొందించిన ఈ ఉపాయంలో, ధ్వని తరంగాన్ని ఉన్నదున్నట్లు పంపరు. కీర్తనను రికార్డు చేసి పంపే బదులు దాని స్వరలిపిని రాసి పంపినట్లు, మాట్లాడేవారి గొంతు ఆ క్షణంలో ఏం చేస్తున్నదో వివరించి పంపుతారు. శ్రుతి ఎంత, స్వరతంత్రులు కంపిస్తున్నాయా లేదా, అంటే పలికినది ఘోషమా అఘోషమా, నోటి కుహరం ఏ పౌనఃపున్యాలను పెంచుతున్నది అన్న మూడు నాలుగు వివరాలు అందితే, అవతలి యంత్రం ఆ ధ్వనిని మళ్లీ పుట్టిస్తుంది. 1960లలో జపాన్‌లో ఇటాకురా, సైటో, బెల్ ప్రయోగశాలల్లో భారతీయుడైన బిష్ణు అటల్ ఈ విద్యను గణితపరంగా ముందుకు తీసుకుపోయారు. 1980లలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన డేనియల్ గ్రిఫిన్, జే లిమ్‌లు మల్టీబ్యాండ్ ఎక్సైటేషన్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఒక్కొక్క క్షణాన్ని మొత్తంగా ఘోషమనో అఘోషమనో తేల్చకుండా, పౌనఃపున్యాలను పట్టీలుగా విభజించి ఒక్కొక్క పట్టీకి విడిగా ఆ నిర్ణయం చేయడం అందులోని కొత్తదనం. నేపథ్యంలో చప్పుడున్నా మాట స్పష్టంగా నిలవడం దాని ఫలితం. ఈ పరిశోధనను డిజిటల్ వాయిస్ సిస్టమ్స్ అనే అమెరికన్ కంపెనీ, క్లుప్తంగా డివిఎస్ఐ, ఐఎంబిఇ, ఏఎంబిఇ అనే పేర్లతో వ్యాపార సరుకుగా మార్చింది. గొంతును బిట్లుగా మార్చి, బిట్ల నుంచి మళ్లీ గొంతును పుట్టించే ఇటువంటి ఏర్పాటును కోడెక్ అంటారు. ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహ టెలిఫోన్లూ, అమెరికా పోలీసు, అగ్నిమాపక శాఖలు వాడే పి25 రేడియోలూ ఈ కుటుంబపు కోడెక్‌నే ఎంచుకున్నాయి.

హామ్‌ల కోసమే పుట్టిన తొలి సంపూర్ణ డిజిటల్ వాయిస్ ప్రామాణికం డి-స్టార్. జపాన్ ప్రభుత్వ నిధులతో, జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్ ఆధ్వర్యంలో 1990ల చివర మొదలైన పరిశోధన 2001లో ప్రామాణికంగా ప్రకటితమైంది. సెట్ల తయారీని ప్రధానంగా ఐకామ్ కంపెనీ చేపట్టింది. దీని నిర్మాణంలో హామ్‌ల చేతి ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తెగుతుంది. ఒక్కొక్క ముక్కలో 96 బిట్లుంటాయి: గొంతును వర్ణించేవి 48, దారిలో పుట్టే తప్పులను సరిదిద్దడానికి 24, మిగిలిన 24 వచన సందేశాలకో, మాట్లాడేవారు ఉన్న చోటు తెలిపే వివరాలకో. సెకనుకు ఇటువంటి ముక్కలు 50, మొత్తం 4800 బిట్లు. ప్రతి ప్రసారానికీ ముందు వెళ్లే శీర్షికలో మాట్లాడుతున్నవారి కాల్‌సైన్, పిలుస్తున్నవారి కాల్‌సైన్, దారిలో తగిలే రిపీటర్ల కాల్‌సైన్లు అక్షరాలుగానే ఉంటాయి. రిపీటరంటే బలహీనమైన ప్రసారాన్ని కొండ మీద అందుకొని బలంగా మళ్లీ ప్రసారం చేసే కేంద్రం. ఎవరు ఎవరిని పిలుస్తున్నారన్నదానితో సహా, గొంతును వర్ణించే ఆ 48 బిట్లు తప్ప మిగతాదంతా బహిరంగమే. ఆ 48 బిట్లను పుట్టించేదీ చదివేదీ మాత్రం డివిఎస్ఐ చిప్పు.

ఈ ఎంపిక చేసినందుకు జపాన్ హామ్‌లను తప్పుపట్టడం న్యాయం కాదు. సెకనుకు 2400 బిట్లలో సహజంగా వినిపించే కోడెక్ ఆనాడు స్వేచ్ఛగా దొరికే స్థితి లేదు. ఉన్న ఇతర కోడెక్‌లకూ పేటెంట్ల చిక్కులున్నాయి. అయినా ఆ ఎంపిక ఫలితాలు చాలా దూరం పోయాయి. ప్రామాణికం అచ్చులో ఉన్నా, చిప్పు కొనకుండా ఎవరూ సెట్టు కట్టలేకపోయారు. చాలా ఏళ్లపాటు డి-స్టార్ అంటే ఐకామ్ అనే భావం స్థిరపడింది. కెన్‌వుడ్ ప్రపంచ విపణికి డి-స్టార్ హ్యాండ్‌సెట్ తెచ్చేసరికి 2016 వచ్చింది. కోడెక్ లోపలి లెక్కలను విప్పిచూపే ఎంబిఇలిబ్ అనే ప్రోగ్రామును 2010లో ఒక అజ్ఞాత రచయిత విడుదల చేశారు గాని, పేటెంట్ల భయంతో దాన్ని బాహాటంగా వాడినవారు తక్కువ. తొలితరం ఏఎంబిఇకి ఆధారమైన ప్రధాన పేటెంట్ల గడువు ఇప్పుడు తీరిపోయింది. అది తీరేనాటికి హామ్ లోకం మరో రెండు పద్ధతులుగా చీలిపోయి ఉంది.

వాటిలో మొదటిది డిఎంఆర్. ఇది హామ్‌ల కోసం పుట్టలేదు. యూరపు టెలికమ్యూనికేషన్ ప్రామాణికాల సంస్థ 2005లో కర్మాగారాలకూ, టాక్సీ కంపెనీలకూ, భద్రతా సిబ్బందికీ ఉద్దేశించి ప్రకటించిన ప్రామాణికమిది. 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒకే చానల్‌ను కాలాన్ని బట్టి రెండుగా పంచి, 30 మిల్లీసెకన్లు ఒకరి మాటకూ తర్వాతి 30 మిల్లీసెకన్లు మరొకరి మాటకూ కేటాయిస్తుంది. ఒక్క రిపీటర్ మీద రెండు సంభాషణలు ఏకకాలంలో నడుస్తాయి, ప్రసారం సగం కాలమే జరుగుతుంది కనుక బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మోటరోలా సెట్లతో పరిచయమున్న హామ్‌లు దీన్ని తమ బ్యాండ్లలోకి తెచ్చారు. 2010ల మధ్యలో చైనా కంపెనీ టివైటి తెచ్చిన ఎండి-380 వంటి చౌక హ్యాండ్‌సెట్లు, డి-స్టార్ సెట్టు ధరలో చిన్న భాగానికే దొరకడంతో దీని వ్యాప్తి అమాంతం పెరిగింది. అయితే వ్యాపార మూలం దాగలేదు. డిఎంఆర్‌లో మనిషి కాల్‌సైన్‌తో కాక ఒక సంఖ్యతో గుర్తింపు పొందుతాడు. ఏ చానల్, ఏ సమయభాగం, ఏ టాక్‌గ్రూప్, అంటే ఏ సంభాషణ బృందం, అన్నవన్నీ ముందే కంప్యూటర్‌లో కూర్చి సెట్టులోకి ఎక్కించవలసిన కోడ్‌ప్లగ్ అనే ఫైలు, ఒక సంస్థ తన సిబ్బందికి సెట్లు సిద్ధంచేసి ఇచ్చే పద్ధతికి సరిపోయేదే గాని, డయల్ తిప్పుతూ కొత్త గొంతుల కోసం వెతికే హామ్ స్వభావానికి సరిపోయేది కాదు. ఆ ఎండి-380 సాఫ్ట్‌వేర్‌ను హామ్‌లు విప్పి పరిశీలించి, అందులోని కోడెక్ భాగాన్ని సెట్టుతో పనిలేకుండా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిపించగలగడం ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. మూసిన దాన్ని తెరిచి చూడాలన్న తపన హామ్‌లలో చావలేదనడానికి అది గట్టి నిదర్శనం.

రెండవది యేసు కంపెనీ 2013 నుంచి ప్రచారంలోకి తెచ్చిన సిస్టమ్ ఫ్యూజన్. ఇందులోని సి4ఎఫ్ఎం మాడ్యులేషన్ నాలుగు పౌనఃపున్య స్థాయులతో బిట్లను మోస్తుంది. ఎదుటివారు పంపుతున్నది మామూలు అనలాగ్ ఎఫ్ఎమ్మా (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషనా) డిజిటలా అన్నది సెట్టు తానే గ్రహించి మారిపోవడం దీని సౌలభ్యం. రిపీటర్లను క్లబ్బులకు బాగా తగ్గించిన ధరలకు అందించడం వల్ల అమెరికాలో ఇది త్వరగా పాకింది. అలా కొన్న రిపీటర్లలో చాలా వాటిని క్లబ్బులు ఎఫ్ఎం మీదనే నడిపాయి. ఈ విధంగా ఒకే ఊళ్లో, ఒకే బ్యాండులో, ఒకే కుటుంబానికి చెందిన కోడెక్‌లు వాడుతూ కూడా మూడు రకాల సెట్లున్న ముగ్గురు హామ్‌లు ఒకరి మాట ఒకరు వినలేని పరిస్థితి ఏర్పడింది. సాంకేతిక కారణాల కంటే విపణి కారణాలే ఈ చీలికకు ఎక్కువ బాధ్యత వహించాలి.

చీలికను అతికే ప్రయత్నం హామ్‌ల నుంచే వచ్చింది. బ్రిటన్‌కు చెందిన జొనాథన్ నేలర్, కాల్‌సైన్ జి4కెఎల్ఎక్స్, రూపొందించిన ఎంఎండివిఎం అనే మోడెమ్ (బిట్లను రేడియో సిగ్నల్‌గా, సిగ్నల్‌ను మళ్లీ బిట్లుగా మార్చేది), ఈ మూడింటినీ పి25 వంటి మరికొన్నింటినీ ఒకే పరికరంలో అర్థం చేసుకోగలిగింది. దాని చిన్న రూపాలైన హాట్‌స్పాట్లు, అంటే అరచేతిలో పట్టే, మిల్లీవాట్లలో లెక్కించదగిన శక్తితో పనిచేసే ఇంటి రిపీటర్లు, ప్రపంచమంతటా వ్యాపించాయి. బ్రాండ్‌మీస్టర్ వంటి ఇంటర్నెట్ జాలాలు వాటిని కలిపాయి. కొండ మీది రిపీటర్ అందని పల్లెలో, అపార్ట్‌మెంటులో యాంటెనా కట్టుకోలేని నగరవాసికి ఇవి తెరిచిన ద్వారం చిన్నది కాదు. కాని ఇందులో పోగొట్టుకున్నదీ ఉంది. హాట్‌స్పాట్ వాడే హామ్ రేడియో తరంగం గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది. ఖండాలు దాటేది ఇంటర్నెట్ కేబులు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్ బృందం, తెగిపోయిన సంబంధాలను ప్రధాన భూభాగంతో మళ్లీ కలిపింది దూరప్రాంతాలకు నేరుగా అందే హెచ్ఎఫ్ బ్యాండ్ల మీద. నడుమ మరే జాలం అవసరం లేకపోవడమే ఆనాడు ఆదుకున్న గుణం. ఏ డిజిటల్ వాయిస్ పద్ధతినైనా ఈ గీటురాయి మీద పరీక్షించకుండా మంచిచెడ్డలు తేల్చడం సాధ్యం కాదు.

ఇంత జరిగినా పాత అనలాగ్ పద్ధతి అయిన ఎఫ్ఎం ఎందుకు పోలేదన్నది ఆలోచించవలసిన విషయం. అమెరికాలో వ్యాపార, భద్రతా రేడియోలను 2013 జనవరి 1 నాటికి 12.5 కిలోహెర్ట్జ్ చానల్లకు కుదించుకొమ్మని నియంత్రణ సంస్థ శాసించింది. చానల్లు చాలని ఆ లోకానికి డిజిటల్ ఒక అవసరమైంది. హామ్‌లకు ఆ శాసనం వర్తించలేదు, దగ్గరి దూరాలకు వాడే వారి విహెచ్ఎఫ్, యుహెచ్ఎఫ్ బ్యాండ్లు చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. పైగా ఎఫ్ఎం సిగ్నల్ బలహీనపడేకొద్దీ బుసబుస పెరుగుతుందే గాని, అలవాటుపడిన చెవి మాటను ఇంకా పోల్చుకుంటుంది. డిజిటల్ ప్రసారం చివరిదాకా నిర్మలంగా వినిపించి, తప్పులు సరిదిద్దే శక్తి మించగానే ఒక్కసారిగా కీచుమనే ముక్కలుగా చెదిరిపోతుంది. సినిమాలోని మరమనిషి పేరుతో హామ్‌లు దాన్ని ఆర్2డి2 అని పిలుస్తారు. కొత్త పద్ధతికి మారవలసిన ఒత్తిడి లేనిచోట, పాత సెట్టు పాడవనిచోట, మార్పు మందకొడిగా సాగడం సహజం.

హెచ్ఎఫ్ బ్యాండ్లలో కథ వేరుగా నడిచింది. అయనోవరణం, అంటే భూమికి ఎత్తున విద్యుదావేశంతో ఉండే గాలిపొర, నుంచి పరావర్తనం చెంది వచ్చే ఈ సిగ్నళ్ల బలం నిమిషానికో తీరుగా మారుతుంది. చానల్ వెడల్పు 3 కిలోహెర్ట్జ్ లోపే. బ్రిటన్ హామ్‌లు చార్లెస్ బ్రెయిన్, ఆండీ టాల్బట్ 2000 ప్రాంతంలోనే అనేక వాహక స్వరాలను పక్కపక్కన పేర్చి డిజిటల్ మాటను హెచ్ఎఫ్ మీద పంపి చూపారు, జపాన్ కంపెనీ ఏఓఆర్ ఆ బాటలోనే మోడెమ్‌లు అమ్మింది. అక్కడా కోడెక్ ఏఎంబిఇనే. ఈ ముడిని విప్పే పనికి పూనుకొన్నవాడు ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరానికి చెందిన డేవిడ్ రో, కాల్‌సైన్ వికె5డిజిఆర్. మాటను అంకెలుగా మార్చే విద్యలోనే డాక్టరేటు చేసిన ఆయన, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో ప్రసిద్ధుడైన అమెరికా హామ్ బ్రూస్ పెరెన్స్ ప్రోద్బలంతో, పాతబడి పేటెంట్ల పరిధి దాటిన సిద్ధాంతాల మీద ఆధారపడి కోడెక్2ను రాయడం మొదలుపెట్టాడు. సెకనుకు 3200 బిట్ల నుంచి 700 బిట్ల వరకు దిగగల ఈ కోడెక్‌లోని ప్రతి పంక్తీ ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. దాని మీద కట్టిన ఫ్రీడివి అనే హెచ్ఎఫ్ డిజిటల్ వాయిస్ పద్ధతి 2012లో వెలువడింది. 2018లో వచ్చిన 700డి రూపం, సిగ్నల్ కన్నా చప్పుడే ఎక్కువగా ఉన్న స్థితిలోనూ మాటను దాటించింది. ఆ గొంతు యాంత్రికంగా ఉంటుందన్న ఫిర్యాదు నిజమే. ఏళ్ల తరబడి ఒక మనిషి, కొద్దిమంది సహచరులు సాయంకాలపు తీరికలో చేసిన పని అది అన్నదీ అంతే నిజం.

ఈ కోడెక్ విహెచ్ఎఫ్ వైపు కూడా ఒక కొమ్మ వేసింది. పోలండ్ రాజధాని వార్సాలో వాయ్‌చెక్ కచ్‌మార్‌స్కీ 2019లో మొదలుపెట్టిన ఎం17, ఆ నగరపు రేడియో క్లబ్బు ఉన్న మొకొటోవ్‌స్కా వీధి 17వ నంబరు ఇంటి పేరును ధరించింది. మాడ్యులేషన్, శీర్షిక, కోడెక్ అన్నీ బహిరంగమైన తొలి విహెచ్ఎఫ్ వాయిస్ ప్రామాణికంగా దీన్ని చెప్పుకోవచ్చు. కాల్‌సైన్‌ను మళ్లీ అక్షరాలుగానే, 48 బిట్లలో ఇమిడ్చి, ప్రసారంతో పాటు పంపడం ఇందులో గమనించదగినది; డిఎంఆర్ సంఖ్యల తర్వాత హామ్ తన పేరును తిరిగి తెచ్చుకున్నాడు. ఓపెన్ఆర్‌టిఎక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, కొద్దిపాటి మార్పులు చేసిన ఎండి-380 సెట్టే ఎం17 మాట్లాడుతుంది. పెద్ద జపాన్ కంపెనీలు మాత్రం దీన్ని తమ సెట్లలోకి తీసుకోలేదు, తీసుకొనేదాకా ఇది ప్రయోగశీలుర పరిధి దాటడం కష్టం.

ఇటువంటి పనులకు ధనం ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ చరిత్రలో భాగమే. 1980ల తొలినాళ్లలో హామ్‌లకు కేటాయించిన 44తో మొదలయ్యే ఇంటర్నెట్ చిరునామాల్లో నాలుగో వంతును, వాటి సంరక్షక సంస్థ ఏఆర్‌డిసి 2019లో అమెజాన్‌కు విక్రయించి, వచ్చిన సొమ్ముతో నిధిని నెలకొల్పింది. ఎం17, ఫ్రీడివి రెండూ ఆ నిధి సాయం పొందాయి. సాయంకాలపు తీరికలో సాగిన పని అలా వేతనంతో కూడిన పరిశోధన అయింది.

ఆ పరిశోధనలో 2024 నుంచి రూపుదిద్దుకున్న రేడియో ఆటోఎన్‌కోడర్, క్లుప్తంగా రేడ్, ఇంతవరకూ చెప్పిన విభజననే మార్చేస్తున్నది. ఇందులో కోడెక్, మోడెమ్ అని రెండు విడి అంచెలు లేవు. యంత్రాభ్యసనంతో తర్ఫీదు పొందిన ఒక నాడీజాలం గొంతు లక్షణాలను నేరుగా వాహక స్వరాల పరిమాణాలుగా, దశలుగా మారుస్తుంది. తర్ఫీదు సమయంలోనే దానికి అయనోవరణపు ఒడుదొడుకులను అనుకరించి చూపుతారు కనుక, ఏ వివరం పోయినా ఫరవాలేదో, ఏది పోకూడదో అది తానే నేర్చుకుంటుంది. సుమారు 1.5 కిలోహెర్ట్జ్ వెడల్పులో, ఎస్ఎస్‌బి కంటే విశాలంగా, దాదాపు 8 కిలోహెర్ట్జ్ వరకు విస్తరించిన సహజమైన గొంతు అవతల వినిపిస్తుంది. పాత ఫ్రీడివి మీద ఉన్న యాంత్రికత ఫిర్యాదుకు ఇది సూటిగా జవాబు చెప్పింది. రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే, బిట్ఎక్స్ వారసత్వంగా వచ్చిన హైదరాబాదు ఎస్‌బిట్ఎక్స్ వంటి బహిరంగ సెట్లు ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు తగిన ఇల్లు కాగలవు. ఏ నాడీజాలమైనా తాను విన్న రికార్డింగులను బట్టే నేర్చుకుంటుంది కనుక, తెలుగులోని ట, డ, ణ, ళలూ, దీర్ఘాలూ, ద్విత్వాలూ చప్పుడు మధ్య ఎంత నిఖార్సుగా దాటుతున్నాయో ఈ ప్రాంతపు హామ్‌లు పరీక్షించి చూడటం పరిశోధనకు నేరుగా పనికివచ్చే పని.

మిగిలిన చిక్కు పరిపాలనాపరమైనది. అంతర్జాతీయ రేడియో నియమాలు ప్రతి ప్రసారానికీ మూడు గుర్తుల సంకేతమిస్తాయి; మామూలు ఎస్ఎస్‌బి మాట జె3ఇ, ఉపవాహక తరంగాలతో పంపే డిజిటల్ మాట జె2ఇ, మధ్య అంకె 3 అయితే అనలాగ్‌ను, 2 అయితే డిజిటల్‌ను సూచిస్తుంది. చాలా దేశాల్లో ఏ బ్యాండులో ఏ భాగాన్ని ఎవరు వాడవచ్చునో, ఏ శ్రేణి లైసెన్సుకు ఏది వర్తిస్తుందో ఈ సంకేతాల ఆధారంగానే రాసి ఉంది. రేడ్ పంపేవి బిట్లు కావు, ఎడతెగకుండా మారే విలువలు. వాటిని పుట్టించేది మాత్రం పూర్తిగా కంప్యూటరు. దాని మధ్య అంకె 2 కావాలా 3 కావాలా అన్నది, ఆ నియమాలు రాసిన కాలంలో ఎవరికీ తట్టని ప్రశ్న.